అందరి చేతులూ లేచిన సభ

ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మార్కాపురంలో ఆ సభ మొదలైంది. తొమ్మిదికని చెప్పినారు. చర్చిలో ఆరాధన మానుకొని, మా కూతురి కూతురికి తోడుగా రాచర్ల నుంచి పోయినాను.

కంప్యూటరు పని తెలిసినవాళ్ళు, తెలుసుకోవాలనుకొనేవాళ్ళు కలిసే సభ. పిలిచిన వక్తలు లేరు. వచ్చినవాళ్ళే తమ విషయం పలక మీద రాసుకొని ముందు నిలబడాలి. వినాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తాలి. ఎక్కువ చేతులు లేచిన నలుగురికి తలా అరగంట. భోజనం ఉచితం. లాభం లేకుండా ఇంతమందికి అన్నమెందుకు పెడతారని అప్పుడే అనుమానమొచ్చింది. చేతులు కనబడేటట్టు వెనక వరుసలో కూర్చున్నాను.

ఆ అరగంట మా పిల్లకు కావాలి. గొర్రె ఛాతీని టేపుతో కొలిచి, ఆ కొలత ఫోన్లో వేస్తే బరువు చెప్పే ప్రోగ్రాం చేసింది. మా వైపు బేరగాడు నడుము పట్టిచూసి ఎంతంటే అదే బరువు. అయితే ఆమె దగ్గరున్నవి రాచర్ల కొలతలే. దొనకొండ, వెలిగండ్ల వైపు నుంచి కూడా ఎవరైనా కొలిచి, తూచి పంపితేనే లెక్క నిలుస్తుంది. ఆ మనుషుల కోసమే వచ్చింది. పంచడానికి తొమ్మిది టేపులు తెచ్చింది.

మొదటి పలకకు హాలంతా చేతులెత్తింది. రెండోదానికీ అంతే. పదహారింటికీ అంతే. ఇందులో ఏదో ఏర్పాటుందనుకొని, అన్నిటికీ ఎందుకెత్తినావని పక్కనున్న పెద్దమనిషిని అడిగినాను.

"ఒక పిల్లోని నాయన మా ఊరోడు పెద్దమ్మా. మిగతావాళ్ళు ఎదురుగా నిలబడి నన్నే చూస్తా ఉంటే చెయ్యెట్ల దించేది?"

సభ పెట్టిన పిల్లలు పై ఊరివాళ్ళు. పక్కకు పోయి మాట్లాడుకొని వచ్చి, అందరికీ తలా ఏడు నిమిషాలన్నారు. ఇది ముందే అనుకున్న పని అని మా పిల్ల చెవిలో చెప్పినాను.

"నువ్వెన్నిటికి ఎత్తినావమ్మమ్మా?"

"ఒకదానికే."

"అయితే వాళ్ళ నియమం పాటించింది నువ్వొక్కదానివే" అని నవ్వింది.

ఆమె వంతులో తెర మీద బొమ్మ రావడానికే మూడు నిమిషాలు పట్టింది. ఎట్ల కొలవాలో చూపించేసరికి గంట కొట్టబోతున్నారు. మీ ఊళ్ళో కొలిచి పంపేదెవరని గబగబా అడిగింది. అందరి చేతులూ లేచినాయి. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

చర్చిలో ఉపవాస కూటానికి ఎవరొస్తారని పాస్టరు గారు అడిగినప్పుడు లేచే చేతులెన్నో, ఆ రోజుకు వచ్చేవాళ్ళెందరో నాకు తెలుసు. పేర్లు, నంబర్లు రాయించుకోమన్నాను. అంతమంది ఒప్పుకున్నాక అనుమానిస్తే బాగుండదంది. తన నంబరే పలక మీద రాసి నిలబెట్టింది. భోజనాల దగ్గర టేపులన్నీ అయిపోయినాయి.

మూడు నెలలకు ఒక్క కొలత వచ్చింది. అది మేకది.

ఆ తర్వాత మా గొర్రెలకు బేరగాడు వచ్చి ఎప్పటిలాగే నడుము పట్టిచూసినాడు. మా పిల్ల ఫోను తీయలేదు. ప్రోగ్రాం తీసేసినానని ఆ సాయంత్రం చెప్పింది.

పోయినవి: అరగంటలో ఇరవై మూడు నిమిషాలు, తొమ్మిది టేపులు, ఒక ఆరాధన, ఆ ప్రోగ్రాం.