చూడకుండా చదివే పిల్ల

రోడ్డు మీద నిలబడి వింటే మా బడిలో మూడో తరగతి పిల్లలు అద్భుతంగా చదువుతున్నారనిపిస్తుంది. ఒక పిల్ల ముందు నిలబడి పాఠంలో ఒక వాక్యం చదువుతుంది. మిగతావాళ్ళంతా గొంతు చించుకుని అదే వాక్యం అంటారు. తల మీదుగా విమానం పోతే ఠక్కున ఆగుతారు. మోత తగ్గగానే ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకుంటారు. మా పెద్దసారుకి ఈ చదివింపు అంటే ప్రాణం. పై అధికారి ఎవరైనా వస్తున్నారంటే చాలు, నా తరగతి తలుపులు బార్లా తీయిస్తారు. నాకు మాత్రం ఆ కోరస్ వింటే ఒళ్ళు మండిపోయేది.

నేను పోయినేడాది షాద్‌నగర్ వైపు నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. తొండుపల్లి పక్కన చిన్న సర్కారు బడి. పొలాలు అమ్ముకున్న ఊరివాళ్ళ పిల్లలు కొందరు, ఎయిర్‌పోర్టులో పనికోసం వచ్చి కిరాయి గదుల్లో దిగినవాళ్ళ పిల్లలు కొందరు. ముందు నిలబడి చదివించే పిల్ల ఆ కిరాయి గదుల్లోంచే వచ్చేది. తల్లి ఎయిర్‌పోర్టులో తుడిచే పని చేసేది, తండ్రి కారు నడిపేవాడు. సన్నగా పుల్లలా ఉండేది గానీ గొంతు విప్పితే వెనక గదిలో అయిదో తరగతి వాళ్ళకు కూడా వినపడేది. నేను వచ్చేసరికే ఆ పిల్లను అందరూ తరగతికి పెద్దను చేసేశారు. నేనూ సరేననుకున్నాను.

ఒకరోజు పాఠం సాగుతుండగా ఆ పిల్ల పక్కకెళ్ళి, పుస్తకంలో మధ్యన ఉన్న ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటో చెప్పమన్నాను. కళ్ళు మూసుకుంది. పెదాలు కదుపుతూ పాఠం మొదటినుంచీ లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చింది. అక్కడిదాకా వచ్చాక కళ్ళు తెరిచి "చెరువు" అంది. తప్పు కాదు, చెరువే. నాకేదో తేడా కొట్టింది. వెళ్ళి బోర్డు మీద అదే మాట పెద్దగా రాశాను. పిల్ల బోర్డు వంక చూసింది, నా వంక చూసింది.

"టీచర్, ఇది ఏ పాఠంలది?" అంది.

ఆ పిల్లకు పుస్తకం మొత్తం వచ్చు, అక్షరాలు రావు. వెనక గొంతు కలిపే వాళ్ళను పరీక్షిస్తే సగానికి సగం మంది పరిస్థితి అదే. పెద్దసారు దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే విన్నారు.

"మంచిగనే నడుస్తున్నది గదా మేడం, ఎందుకు కదిలిస్తరు? నోటికొచ్చినంక అక్షరాలు అవే వస్తయి."

అవే ఎక్కడినుంచి వస్తాయి సార్, విమానంలోనా, అని అడగబోయి నోరు మూసుకున్నాను. కొత్తగా వచ్చినదాన్ని.

తల్లిని పిలిపించాను. పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే వచ్చింది. కూతురిని మెచ్చుకోవడానికి పిలిచానేమో అనుకుంది పాపం. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"మా పిల్ల బుక్కు సూడకుంటనే మొత్తం చెప్తది మేడం. దినాం నేను అన్నం వండుకుంట ఒప్పజెప్పించుకుంట. నేను సదువుకోలె, గని నన్ను మోసం చెయ్యనియ్య. బుక్కు తొడ కింద పెట్టుకుని కూసుంట. దొంగ సూపు సూసిందంటే వీపుల ఒక్కటి ఇస్త."

మన ఇళ్ళలో అంతే కదా. ఎక్కాలైనా పద్యమైనా, ఒప్పజెప్పించుకునే వాళ్ళు పుస్తకం తమ చేతిలోకి తీసుకుంటారు. చూడకుండా చెబితే వచ్చినట్టు, చూస్తే రానట్టు. చదువుకున్న ఇళ్ళలోనే కాదు, చదువు లేని ఇంట్లో కూడా అదే లెక్క. ఈ తల్లి నాలుగు మెతుకులు ఉడికేలోపు, వంక పెట్టడానికి లేనంత శ్రద్ధగా, కూతురికి పుస్తకం వంక చూడొద్దని నేర్పించింది.

"అమ్మా, చూడకుంట చెప్పుడు వేరే, చదువుడు వేరే. అక్షరాలు చూసి చదవాలె," అన్నాను.

"సూసి చెప్పుడు గూడ ఒక సదువేనా? సూసుకుంట ఎవలన్న చెప్తరు మేడం," అంది ఒక్క అక్షరం చదవలేని ఆ మనిషి.

దాంతోపాటు ఇంకో మాట చెప్పింది. దసరా సెలవులు అయ్యాక పిల్లను సాతంరాయిలో ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తారట. గల్లీ మొదట్లోకి వ్యానొస్తుందట. ఇంత బాగా చెప్పే పిల్లను వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారట. నిజమే, తీసుకుంటారు. నా భయమూ అదే. అంత మంచి గొంతున్న పిల్లకు చదవడం రాదని ఎవరికీ అనుమానం రాదు. అక్కడా ఇంగ్లీషు పాఠాలు అప్పజెప్పేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అక్షరాలు అందకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. నా చేతిలో ఉన్నది దసరా దాకానే.

కోరస్ మాన్పించాను. పిల్ల ఏడ్చింది, పెద్దసారు మొహం ముడుచుకున్నారు. పుస్తకాలు సంచుల్లో పెట్టించి, వాళ్ళెప్పుడూ వినని వాక్యాలు బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. మామూలు వాక్యాలు రాస్తే ఊహించి చెప్పేస్తున్నారు. అందుకని పిచ్చి వాక్యాలు. 'మేక చాయ్ తాగింది.' 'కోడి బస్సు ఎక్కింది.' ఎవరినీ పైకి చదవమనేదాన్ని కాదు. రాసి, పక్కకు తప్పుకుని మొహాలు చూసేదాన్ని. చదివినవాళ్ళు నవ్వుతారు. నవ్వు రాలేదంటే చదవలేదన్నట్టే.

ముందు నిలబడి చదివించిన మా పిల్ల కూడా నవ్వేది గానీ, ఒక్క క్షణం ఆలస్యంగా. ముందు పక్కపిల్లల మొహాలు చూసి తర్వాత నవ్వేది. ఎంత గట్టిగా నవ్వేదో! ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు విడదీసి, కలిపి, మళ్ళీ విడదీసి చెప్పేదాన్ని. కాస్త దారికొచ్చిందనుకునేసరికి నన్ను ట్రైనింగ్‌కు రమ్మనేవాళ్ళు. అది ముగిస్తే సర్వే డ్యూటీ. తిరిగొచ్చేసరికి తరగతిలో కోరస్ మళ్ళీ మొదలై ఉండేది, మా పిల్ల ముందు నిలబడి ఉండేది, పెద్దసారు వరండాలో నిలబడి తల ఊపుతూ ఉండేవారు. ఇంటికెళ్ళి గిన్నెల మీద నా కోపం తీర్చుకునేదాన్ని. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయింది.

వానలు తగ్గుతున్నప్పుడు అనుకుంటా, ఒకరోజు 'పిల్లి విమానం నడిపింది' అని రాశాను. తరగతి ఇంకా బోర్డు వంక నోరు తెరుచుకుని చూస్తోంది. ముందు వరసలోంచి కిసుక్కుమని ఒక్క నవ్వు వినపడింది. మా పిల్లే! ఎవరి మొహమూ చూడలేదు. బోర్డునే చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కతే నవ్వుతోంది. నేను గబుక్కున అటు తిరిగి, తుడవనవసరం లేని బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. ఆ రోజు ఇంట్లో గిన్నెలు బతికిపోయాయి.

దసరా సెలవులు ఇచ్చేముందు తల్లి టీసీ కోసం వచ్చింది. ఆమెకు చూపించాలన్న ఆశతో, పిల్ల ఎప్పుడూ చూడని కథల పుస్తకం తెరిచి చదవమన్నాను. పిల్ల వేలు పెట్టి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వత్తు దగ్గర ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి. మధ్యలో విమానం పోయింది. పిల్ల నోరు ఆపింది గానీ వేలు మాట మీంచి తీయలేదు. మోత పోయాక అక్కడినుంచే సాగింది. వాక్యం పూర్తి చేసి నా వంక గర్వంగా చూసింది. నేను తల్లి వంక చూశాను. ఆమె మొహం మాడిపోయింది.

"గిదేంది మేడం? గడగడ చెప్పే పిల్ల గిట్ల నత్తి నత్తిగ అయ్యిందేంది? ఏం జేసిండ్రు మా పిల్లను?"

"అమ్మా, ఇది చదువుడు. అప్పుడు చెప్పింది చదువుడు కాదు. ఒక్క ఏడాది ఈడనే ఉండనియ్యి, నీ కాళ్ళు మొక్కుత."

"గిన్ని దినాలు గుడ్డిదాన్ని గాదు మేడం. ఇంట్ల గూడ సూస్తున్న. ఒప్పజెప్పమంటే బుక్కు ఇయ్యమంటది. సూడకుంట చెప్పుడు గూడ మర్చిపోయింది. ఆడ గిట్ల సదివితే ఎవలు తీసుకుంటరు దీన్ని?"

నా గొంతు లేచింది. ఆమె గొంతూ లేచింది. అరుపులు విని పెద్దసారు వచ్చారు. మేడం, వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇష్టం అన్నారు. టీసీ మీద సంతకం పెట్టి తల్లి చేతికిచ్చారు. పిల్ల కథల పుస్తకం నా టేబుల్ మీద పెట్టి, చదువుతున్న పేజీ మూయాలో వద్దో తెలియక అలాగే తెరిచి ఉంచి వెళ్ళింది.

ఉక్రోషం పట్టలేక వాళ్ళ వెనకే గేటు దాకా వెళ్ళాను. వెళ్ళి ఏం చేద్దామనో నాకే తెలియదు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని వడివడిగా నడుస్తోంది. రోడ్డుకు అవతలి గోడ దగ్గర పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో 'ఇక్కడ చెత్త వేయరాదు' అని రాసి ఉంటుంది. కింద మోకాలెత్తు చెత్త కుప్ప ఉంటుంది. పిల్ల పెదాలు నెమ్మదిగా కదిలాయి. తలెత్తి గోడను చూసింది, తల దించి కుప్పను చూసింది. ఫక్కున నవ్వింది.

"ఏమైందే? ఊకెనే ఎందుకు నగుతున్నవ్? నడు!" అని తల్లి చెయ్యి గుంజింది. పిల్ల నవ్వుతూనే, వెనక్కి చూసుకుంటూనే పోయింది.

రోజూ ఆ గోడ పక్కనుంచే బడికి వచ్చేది. అంతకుముందు ఎప్పుడూ నవ్వలేదు.