ఎదురుకాళ్ల ఓదెమ్మ

పొద్దున లేస్తూనే ఓదెమ్మ కాళ్లు కడుక్కొని, పాదాలకు పసుపు రాసుకొని, గూట్లో మల్లన్న పటం ముందు నిలబడి చప్పుడయ్యేలా లెంపలు వేసుకునేది. ఆ తర్వాత గడప మీదికి వచ్చి, ఊళ్లో వీపులన్నీ తన సొంతమన్నంత దర్జాగా కేక పెట్టేది.

“ఎవలికి పట్టింది నడుము? బోర్ల పండుండ్రి!”

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుము వదులుతుందని జనగామ చుట్టుపక్కల నమ్మకం. ఓదెమ్మ అలాగే పుట్టిందట. అడిగినా అడగకపోయినా చెప్పేది. “లోకమంతా తలకాయతోని దుంకింది. నేనైతే నడుసుకుంట వచ్చిన!”

ఆమెకు మనుషుల ముఖాలు గుర్తుండవు. గాజులమ్మే ఆయన పలకరిస్తే తెల్లబోయి చూసేది. ఆయన విసుక్కొని వెనుదిరగ్గానే, “ఓ, నువ్వా! కుడి రెక్క కింద బిగుసుకున్నోనివి గదా. బోర్ల పండు!” అనేది. కొడుక్కి సంబంధం మాట్లాడటానికి పోయి, పిల్లను చూడకముందే పిల్ల తండ్రిని ఆయన వాకిట్లోనే బోర్లా పడుకోబెట్టిన మనిషి.

ఆ పిల్లే గంగి. కోడలై వచ్చాక, అత్త వీపుల మీద నడిచేటప్పుడు పడిపోకుండా భుజం ఆసరా ఇవ్వడం ఆమె పని. ఊరికే నిలబడలేక అడుగుతూ ఉండేది.

“నట్టనడిమిట్ల ఎందుకు తొక్కవత్తా?”

“గది వెన్నుపూస బిడ్డా. పూసకు పూసకు నడుమ ముంజ తీరు మెత్తటిది పెట్టిండు దేవుడు. దాని మీద అడుగేస్తరా? అటూ ఇటూ మోకుల లెక్క కండలున్నయి చూడు, మనిషిని నిలవెట్టేటియి గవ్వే. మోసి మోసి అలిసిననాడు బిర్రబిగుస్తయి. ఇగ వంగకు, చాలు అంటయి.”

“మరి మన వీపు మనకే కనవడకుంట ఎందుకు పెట్టిండు?”

“పక్కోడు చూడాల్నని.”

తొక్కడం అయిపోగానే ఓదెమ్మ వంగి, ఆ వీపును చేత్తో తాకి కళ్లకద్దుకునేది. ఆ వెంటనే హెచ్చరిక. “పొద్దుగూకేదాక బరువు ఎత్తద్దు. ఎత్తితే నీకేం గాదు, ఎత్తించినోని నడుము పట్టుకుంటది!”

అవి వెట్టి వద్దంటూ ఊరూరా సంఘం జెండాలు లేస్తున్న రోజులు. సంఘపోళ్లు వచ్చి పంచేస్తారన్న భయంతో దొర తన కోటలాంటి గడిలోని వడ్లన్నీ జనగామకు తోలించే తొందరలో ఉన్నాడు. బస్తాలు మోసేది మాత్రం ఊళ్లో వెట్టివాళ్లు. అలా మోసి నడుము పట్టేసిన ముత్యం, వంగినవాడు వంగినట్టే ఓదెమ్మ వాకిట్లోకి వచ్చాడు. ఇంకొక్క బస్తా ఎత్తితే వాడు మళ్లీ లేవడని గంగికి కూడా తెలిసిపోయింది.

ఓదెమ్మ వాడి వీపు మీద ఉండగానే గడి గుమాస్తా రాజేశం ఊడిపడ్డాడు.

“లేరా ముత్యం! బండ్లు ఆగినయి.”

ముత్యం లేవబోయాడు. ఓదెమ్మ కాలు తీయలేదు.

“తీస్కపో గుమాస్తయ్యా. వానికేం గాదు. మోయించినోళ్లకే.”

“మోయించేది నేనా? దొర!”

“లెమ్మన్నది నువ్వు గదా? ముందుగాల నీకు. ఆనంక దొరకు.”

రాజేశం చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. కాసేపు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గింది.

“అవ్వా... నాకు సుత పొద్దటి సంది గిక్కడ జర గుంజుతున్నది.”

“బోర్ల పండు!”

వెట్టి మనిషి పక్కన గుమాస్తా బోర్లా పడుకున్నాడు. ఓదెమ్మ ఆ వీపునూ అంతే మెత్తగా తొక్కింది, అంతే భక్తిగా కళ్లకద్దుకుంది. ఆ పూట ముత్యం పనికి రాడని గడిలో రాజేశమే చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం గంగి అత్త కాళ్లకు నూనె రాస్తోంది.

“నా మోకాళ్లు ఇగ సాగుతలేవు బిడ్డా. రేపటి సంది నువ్వు తొక్కాలె. ఎదురుకాళ్లతోనే పుట్టినన్నని చెప్పు.”

“అయ్యో! నేను తలకాయతోనే పుట్టిన గదత్తా!”

ఓదెమ్మ వాకిలి వైపు చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

“మెల్లగ! నేను సుత గట్లనే పుట్టిన.”

గంగి నూనె గిన్నె పక్కన పెట్టింది. “మరి తొక్కుడు?”

“మీ మామ నడుము మీద నేర్సుకున్న.”

“బరువెత్తద్దన్నది?”

“నేనే పెట్టిన. లేకుంటె వెట్టోన్ని ఒక్క పొద్దు ఎవలు పండనిస్తరే?”

గంగి పొద్దుటి లెంపల చప్పుడు గుర్తొచ్చి మల్లన్న గూటి వైపు చూసింది. ఓదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“కాదనకు బిడ్డా. తొక్కుడొక్కటి నువ్వు చూసుకో. లెంపలు నేనేసుకుంట.”