రెండుసార్లు తీసిన తాళంచెవి

మా పిన్నిని ఆఫీసులో అందరూ తాళాలమ్మ అంటారు. ఆమె దగ్గర ఇనప తాళాలేమీ ఉండవు. నీళ్ళ పంపులు వాటంతటవే ఆగి, వాటంతటవే తిరిగేలా ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ అది. వాళ్ళు రాసే కోడ్ అంతా ఒకచోట దాచి, ఎవరు ఏం మార్చారో గుర్తు పెట్టుకునే సర్వర్ ఒకటి ఉంది. పరాయి కంపెనీల దగ్గర దాచడానికి వాళ్ళకి పని ఇచ్చే పంపులవాళ్ళు ఒప్పుకోలేదట. అందుకని మెట్ల కింద, చీపుళ్ళూ పాత కుర్చీలూ పెట్టుకునే గదిని ఖాళీ చేయించి, పిన్నే అక్కడ దాన్ని నిలబెట్టింది. లెక్కల గుమాస్తాగా చేరిన మనిషి, చదివీ, చెడగొట్టీ, మళ్ళీ కట్టీ నేర్చుకుంది. "పిల్లాణ్ణి పెంచినట్టే. ఏడిస్తే ఎందుకో తెలియదు, ఏడవకపోతే ఇంకా భయం" అనేది.

ఆ సర్వర్‌లోకి వెళ్ళాలంటే ప్రతివాళ్ళకీ ఒక కీ ఉండాలి. కీ అంటే ఒక పొడుగాటి అక్షరాల వరస. సగం వాళ్ళ కంప్యూటర్‌లో ఉంటుంది, సగం పిన్ని సర్వర్‌లో పెడుతుంది. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. మనిషి ఉద్యోగం మానేస్తే పిన్ని తన దగ్గరున్న సగం తీసేస్తుంది.

ఆ తీసేయడానికి ఆఫీసులో ఒక పద్ధతి పడిపోయింది. వెళ్ళేవాళ్ళ కోసం ముందు గదిలో టీ పెడతారు. అందరూ కప్పులు పట్టుకుని నవ్వుతూ మాట్లాడుతుంటే పిన్ని చల్లగా మెట్ల కిందికి జారుకుంటుంది. పని ముగించుకుని వచ్చి తన టీ తను తాగుతుంది. వెళ్ళేవాళ్ళు "తాళాలమ్మ ఏదీ?" అంటే "నీ పక్క ఎత్తేస్తోంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. మొహం మీద తలుపు వేయడం ఎందుకని పిన్నే పెట్టిన మర్యాద అది.

మా చిన్నమామయ్య, అంటే పిన్నికి తమ్ముడు, అక్కడే పనిచేసేవాడు. ఆఫీసులో పిడుగు అనేవాళ్ళు. చేతిలో పని ఎంత వాడిగా ఉండేదో నోరూ అంతే. ఒకసారి పంపులవాళ్ళ ముందే యజమానిని "మీకు అర్థం కాదులెండి" అన్నాడు. అంతటితో ఉద్యోగం పోయింది. వెళ్ళే రోజు అతనికీ టీ పెట్టారు. పిన్ని మెట్ల కిందికి వెళ్ళి వచ్చేసరికి అతని కప్పు ఇంకా సగం ఉంది.

"అయిందా అక్కా?" అన్నాడు.

"తాగరా, చల్లారిపోతుంది" అంది పిన్ని.

అతను కప్పు కింద పెట్టేశాడు. ఆనాటి నుంచీ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు.

ఆ వారంలోనే సర్వర్ డిస్క్ పాడైంది. పిన్ని కంగారు పడలేదు. వారం వారం వేరే డిస్క్ మీదికి బ్యాకప్ తీసే అలవాటు ఉంది కాబట్టి, కొత్త డిస్క్ బిగించి చివరి బ్యాకప్ ఎక్కించింది. బ్యాకప్ తర్వాత రాసిన కోడ్ ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి భద్రంగా ఉంది. ఎవరిది వాళ్ళు మళ్ళీ పంపారు. ఒక్క గీత కూడా పోలేదు. కేకు తెప్పించాలన్నాడు కళ్ళద్దాల ఇంజనీరు.

కొన్నాళ్ళకి ఆ కళ్ళద్దాలాయనే మెట్ల కిందికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "తాళాలమ్మా, పిడుగు రోజూ పొద్దున్నే సర్వర్‌లోకి వచ్చి మన కోడ్ పట్టుకెళుతున్నాడు."

పిన్నికి క్షణంలో అర్థమైపోయింది. చివరి బ్యాకప్ తమ్ముడు వెళ్ళకముందుది. అందులో తమ్ముడింకా ఉద్యోగే. పోయిన కోడ్‌ని ఎవరి నకలు వాళ్ళు తెచ్చి పెట్టారు, కానీ తీసేసిన కీకి నకలెవరి దగ్గరుంటుంది? తీసేసిన సంగతి తను గుర్తుంచుకోవాలి. తను మర్చిపోయింది.

యజమాని పిలిపించాడు. "మీరే ఇచ్చారామ్మా?"

"లేదు సార్. పాత బ్యాకప్ ఎక్కించాను. వాడూ దాంతోపాటు వచ్చేశాడు. తప్పు నాది."

"వచ్చి కోడ్ తీసుకెళ్ళింది మీరు కాదు కదా. రేపు సాయంత్రంలోగా అతను ఇక్కడికి వచ్చి మా కళ్ళ ముందు చెరిపేయాలి. లేకపోతే పోలీసులకి చెప్పక తప్పదు. అప్పటిదాకా సర్వర్ ఆపేయండి."

పిన్ని ఇంటికి రాకుండా నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది. మరదలు తలుపు తీసి "రండి వదినా" అని, లోపలికి చూసి, నీళ్ళు తెచ్చే వంకతో తప్పుకుంది.

"ఒరేయ్, నీ కంప్యూటర్ మా కోడ్ దించుకుంటోంది" అంది పిన్ని.

"నేనేమీ దించలేదే!"

"నువ్వు కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పొద్దున్నే దానంతటదే దించుకునేలా పెట్టుకున్నావు చూడు, అది."

అతను కంప్యూటర్ తెరిచి చూశాడు. వెళ్ళిపోయిన మర్నాటి నుంచీ అది రోజూ ఆఫీసు తలుపు తట్టి, తెరవకపోతే తిరిగొచ్చింది. ఒకరోజు తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళింది. చిన్నమామయ్యకి నవ్వొచ్చింది. "దీనికున్న విశ్వాసం చూడక్కా! నన్ను తరిమేసినా ఇది డ్యూటీకి వెళుతూనే ఉంది."

పిన్నీ నవ్వింది. చాన్నాళ్ళకి ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ నవ్వు మీదే యజమాని మాట చెప్పాల్సి వచ్చింది. అతని నవ్వు ఆగిపోయింది.

"దొంగని చేశావు కదక్కా."

"నేనెక్కడ చేశానురా? మర్చిపోయాను."

"నన్ను తీసేయడం గుర్తుంది. తీసేశావన్నది మాత్రం మర్చిపోయావు." కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, "ఇక్కడే చెరిపేస్తా, చూసి వెళ్ళి చెప్పు" అన్నాడు.

"నా మాట చెల్లదురా అక్కడ. నీ అక్కని కదా."

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. పిన్ని నీళ్ళు తాగి లేచింది.

మర్నాడు సాయంత్రం ఆఫీసులో ఎవరూ ఇంటికి పోలేదు. సర్వర్ ఆగిపోయి చేతిలో పని లేక, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. రాడేమోనని పిన్ని కూర్చోలేకపోయింది. చీకటి పడబోతుండగా అతను వచ్చాడు. కంప్యూటర్ బల్ల మీద పెట్టి, తెరిచి, ఒక్కొక్కటే చెరిపేశాడు. అందులో చాలావరకు అతను రాసిందే. యజమాని కూడా కళ్ళు దించుకున్నాడు.

"టీ తాగి వెళ్ళు బాబూ" అన్నాడు చివరికి.

"వద్దు సార్. ఇక్కడ టీ తాగితే ఏదో ఒకటి పోతుంది."

కళ్ళద్దాలాయన నవ్వబోయి, తనొక్కడే అయ్యేసరికి ఆపుకున్నాడు. చిన్నమామయ్య పిన్ని వైపు తిరిగాడు. "నా కీ ఇంకా ఉందిగా? ఈసారి నా ముందు తీయి."

ఇద్దరూ మెట్ల కింద గదిలోకి వెళ్ళారు. పిన్ని సర్వర్ లేపింది. అతని పేరు వెతికి పట్టుకుంది. నిజంగా తీసేయాలా అని అది అడిగింది. పిన్ని చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతను వంగి, తనే బటన్ నొక్కి వెళ్ళిపోయాడు.

పిన్ని ఉద్యోగం నిలబడింది. తమ్ముడి ఫోను రాలేదు. ఆఫీసులో ఎవరైనా మానేస్తే ఇప్పుడు టీ కంటే ముందు వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కీ తీస్తుంది. ఈ కథంతా ఉతికిన బట్టలు మడతపెడుతూ నాకు చెప్పింది.

"మళ్ళీ డిస్క్ పోతే?" అనడిగాను.

"ముందు వెళ్ళిపోయినవాళ్ళందరినీ తీసేసి, ఆ తర్వాతే తలుపు తెరుస్తాను." చేతిలోని చొక్కా మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ పాత బ్యాకప్‌లో వాడింకా ఉన్నాడు. దాన్ని చెరిపి కొత్తది ఎక్కించే వంతు వచ్చినప్పుడల్లా వేరే డిస్క్ తీస్తున్నాను."