గుండీ సీను

కాజాలత్త చేత్తో కాజా కుట్టిందంటే గుండీ పారిపోదామన్నా దారి దొరకదని ఆ కుట్టుకేంద్రంలో ఒక మాట ఉంది. ఆమె కాజాలు కుట్టిన చొక్కా తొడుక్కుని ఒకాయన ఏట్లో పడ్డాడట. చెప్పులు పోయాయి, కళ్లజోడు పోయింది, పెట్టుడు పళ్లు సైతం కొట్టుకుపోయాయి. గుండీ ఒక్కటీ ఊడలేదు. ఈ సంగతి చెప్పేది కూడా కాజాలత్తే. ఎవరాయన అని అడిగితే మాత్రం ఆమె నోట్లో సరిగ్గా అప్పుడే దారం ఉంటుంది.

కేంద్రమంటే మేడ మీద ఒక పొడవాటి గది. బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. కిటికీల వెంబడి ఆరు మిషన్లు, వాటి ముందు ఆరుగురు ఆడవాళ్లు. ఎదుటి గోడకు ఎత్తున టీవీ. మధ్యాహ్నం రెండింటికి అందులో పాత సీరియల్ ఒకటి మళ్లీ మొదటి నుంచీ వేస్తున్నారు. దానికి పెద్ద పేరే ఉంది గానీ అందరూ మెట్ల సీరియల్ అంటారు. అందులో ఎవరు పడ్డా మెట్ల మీంచే పడతారు, ఎవరు చాటుగా విన్నా మెట్ల కిందే నించుని వింటారు.

చిక్కేమిటంటే, మిషను మీద కూర్చున్న మనిషి తల ఎత్తకూడదు. ఎత్తితే సూది వేల్లో దిగుతుంది. ఆరు మిషన్ల చప్పుడులో టీవీ మాట వినపడదు కూడా. కాజాలత్త సంగతి వేరు. ముప్ఫై ఏళ్ల అలవాటుతో ఆమె వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. అందుకే టీవీకి ఎదురుగా ఉన్న చేతుల కుర్చీ ఆమెది. ఆమె చూసి గొంతెత్తి చెబుతుంది, ఆరుగురూ వింటూ కుడతారు. "అత్తగారు వచ్చింది... ఉత్తరం చూసింది... కళ్లు చిన్నవి చేసింది... అయిపోయారే మీరంతా!" అని ఆమె అంటే ఆరు మిషన్లూ ఒక్కసారి ఆగేవి. ప్రకటనలప్పుడు రాబోయే కథ చెప్పేది. ఇరవై రెండేళ్ల క్రితం సీరియల్ మొదటిసారి వచ్చినప్పుడు అంతా చూసిన మనిషి మరి.

ఇంట్లో ఆమె మాటకు అంత విలువ లేదు. భర్త గడియారాలు బాగుచేస్తాడు, టైమెంతయిందో చెప్పడానికి తప్ప నోరు తెరవడు. కొడుకు ఫోన్లో ఉంటాడు. కోడలి చెవుల్లో ఎప్పుడూ తీగలు. భోజనాల దగ్గర ఆమె ఏదైనా మొదలుపెడితే రెండో వాక్యానికి ఎవరో ఒకరు మంచినీళ్లకు లేస్తారు. ఆమె చెప్పిన మాట చివరిదాకా వినేవాళ్లు లోకం మొత్తమ్మీద ఆరుగురే. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపే ఆమె మనిషి.

అలాంటి చోటికి నర్సమ్మ వచ్చింది.

ఓనరు గారి వదిన. ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరై, ఇంట్లో తోచక, ఇస్త్రీ పనికి కుదిరింది. ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు టీవీ పక్కనే ఉంది కాబట్టి బల్ల అక్కడ వేశారు. అంటే టీవీ చూడగల మనిషి ఇంకొకరు వచ్చారన్నమాట.

మొదటిరోజే సీరియల్‌లో పెద్దకోడలు కోమాలో ఉంది. కాజాలత్త గొంతు తగ్గించి, "కదలడం లేదు... మూడు నెలలైంది... కంటి చివర ఒక్క నీటిచుక్క..." అంటోంది. ఆరుగురూ ముక్కు ఎగబీలుస్తున్నారు.

"ఆగండాగండి," అంది నర్సమ్మ. "మూడు నెలల నించీ కోమాలో ఉంటే ఆ కనుబొమలు తీర్చిందెవరమ్మా? డాక్టరా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆ సెలైన్ గొట్టం చూడండి, తిన్నగా దిండు కిందికి పోతోంది. ఎక్కిస్తున్నది దిండుకి! పాపం, దిండుకి నీరసం."

కాలర్లు కుట్టే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, మిషను మీద వాలిపోయి నవ్వింది. నిన్నటిదాకా పెద్దకోడలి కోసం అన్నం మానేసిన మనిషి!

"కళ్లజోడు తీసి, ఇరవై నాలుగు గంటలు గడిస్తేగానీ చెప్పలేం అంటాడే, ఆ డాక్టరు! మా పెద్ద డాక్టరు కళ్లజోడు తీస్తే తలుపెక్కడుందో కూడా తెలిసేది కాదు."

కాజాలత్త కడుపులో ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టయింది. "సీరియల్ అంటే సీరియలే కదా నర్సమ్మగారూ," అంది తీయగా. "నిజం చూడాలనుకుంటే ఆసుపత్రికే పోయి కూర్చునేవాళ్లం." ఎవరూ వినలేదు. అందరూ దిండు గురించే మాట్లాడుకుంటున్నారు.

ఆ రోజు మొదలు ఆమె రెండు లెక్కలు పెట్టుకుంది. చేత్తో కాజాలు, మనసులో నర్సమ్మకు పడ్డ నవ్వులు. సాయంత్రానికి నవ్వులే ఎక్కువ తేలేవి. టీ వచ్చినప్పుడు మొదటి గ్లాసు ఎవరికి పోతోందో చూసేది. వారం తిరగకుండానే అది కూడా ఇస్త్రీబల్ల వైపు నడిచింది. తనకు మాత్రం చేతకాదా అని ఒకరోజు తనూ సీరియల్‌లో తప్పు పట్టబోయింది. "ఆ హీరో కోటు చూశారా! కాజాలు కుడివైపున్నాయి. ఆడవాళ్ల కోటు తొడిగారే అతగాడికి!"

ఎవరూ నవ్వలేదు. పెద్ద మిషను మీద కూర్చునే ఆమె, కేంద్రంలో అందరికన్నా పాత మనిషి, "అలాగా వదినా," అంది జాలిగా. ఆ 'అలాగా' కన్నా తిట్టు నయం.

అదే వారం టీవీలో చెప్పారు, గురువారం చిన్నకూతురు తిరిగొస్తుందని.

"గుండీ సీనొస్తోందత్తా!" అని కాలర్లామె ఎగిరి గంతేసింది. కాజాలత్త వేలికి సూది గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి.

గుండీ సీనంటే కేంద్రంలో తెలియనివాళ్లు లేరు. పడవ ఎక్కే రోజున పాప కోటు పైగుండీ ఊడి తల్లి చేతిలో ఉండిపోతుంది. పడవ మునిగి చిన్నకూతురు కనిపించకుండా పోతుంది. ఆ గుండీని తల్లి దారంతో మెడలో కట్టుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఇంట్లో పనికి కుదిరిన అమ్మాయి పెట్టెలో ఒక చిన్న కోటు కనిపిస్తుంది. పైన ఒక కాజా ఖాళీ. తల్లి వణికే చేత్తో మెడలోని గుండీ తీసి ఆ కాజాలోకి దూరుస్తుంది. అచ్చంగా సరిపోతుంది! కాజాలత్త ఈ సీను ఇరవై రెండేళ్లలో ఏ వందసార్లో చెప్పి ఉంటుంది. ప్రతిసారీ ఎవరో ఒకరి మిషను కింద గుడ్డ తడిసేది.

అసలు సంగతేమిటంటే సీరియల్‌లో ఆ సీను లేదు.

అప్పట్లో కేంద్రం మొత్తానికీ టీవీ ఉన్న ఇల్లు ఆమెదొక్కటే. రాత్రి చూసి మర్నాడు వచ్చి చెప్పేది. సరిగ్గా ఆ వారమే టీవీ చెడింది. గడియారాలు బాగుచేసే మొగుడు ఇది మాత్రం ఎంతలే అని విప్పాడు. మూడు రోజులు ఆ టీవీ బల్ల మీద ముక్కలుగా పడి ఉంది. పొద్దున్నే పెద్ద మిషనామె, "ఏమైంది వదినా, చిన్నది వచ్చిందా?" అని ఆశగా అడిగితే చూడలేదనడానికి కాజాలత్తకు నోరు రాలేదు. చేతిలో ఒక చిన్న కోటు ఉంది, దానికి పైగుండీ లేదు. కథ తనంతట తానే వచ్చేసింది. నాలుగోనాడు టీవీ బాగుపడేసరికి తల్లీకూతుళ్లు ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎలా కలిశారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

గురువారం సెలవు పెడదామనుకుంది. పెడితే ఆ కుర్చీలో నర్సమ్మ కూర్చుంటుంది. పెట్టకపోతే అందరి ముందూ దొరికిపోతుంది. "అలాంటి సీనేం లేదే," అని నర్సమ్మ ఎలా అంటుందో, ఆ వెనక ఏ నవ్వు వస్తుందో కూడా ఆమెకు ముందే వినపడుతోంది.

బుధవారం టీ వేళ కాలర్లామె నర్సమ్మను అడగనే అడిగింది. "మీరు చూశారా, గుండీ సీను?"

కాజాలత్త గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది.

"చూడకపోవడమేంటి!" అంది నర్సమ్మ. "మా వార్డులో టీవీ ముందు నలభై మంది. కాలు విరిగినవాళ్లు కూడా లేచి నించున్నారు. నేను కళ్లారా చూశాను. ఆ తల్లి మెడలోంచి గుండీ తీసిందా, చేతులు వణికాయి. గుండీ జారిపోయింది. మెట్ల మీద టక్, టక్, టక్ అని ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. తల్లి పైమెట్టు మీద నించుండిపోయింది. కింద వంగి తీసింది ఎవరనుకున్నారు? ఆ పిల్ల! తీసి, అడక్కుండానే తన కోటు కాజాలో తనే పెట్టుకుంది."

ఆరుగురూ ఏడ్చారు. పెద్ద మిషనామె కొంగనుకుని కొలత టేపుతో కళ్లు తుడుచుకుంది.

కాజాలత్త గ్లాసు కింద పెట్టింది. లేని సీనును కళ్లారా చూశానంటోంది! పచ్చి అబద్ధం. పట్టివ్వడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాటేమిటి? 'అది నేను అల్లింది' అనే కదా. దొంగ తన సొమ్మే ఎత్తుకెళ్తుంటే కేక వెయ్యడానికి వీల్లేని బతుకైపోయింది. అది కూడా ఫరవాలేదు. నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. ఆ మెట్లు! అది మెట్ల సీరియల్ అని ఊరందరికీ తెలుసు. ఇరవై రెండేళ్లలో ఆ గుండీని ఒక్కసారి మెట్ల మీద దొర్లించాలని తనకెందుకు తట్టలేదు?

గురువారం రెండింటికి ఆరు మిషన్లూ ఆపేశారు. అందరూ టీవీ వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరికీ కళ్లున్నాయి.

చిన్నకూతురు వచ్చింది. మోచేతి మీద పుట్టుమచ్చ చూపించింది. తల్లి "అమ్మా!" అని మూర్ఛపోయింది. సబ్బు ప్రకటన వచ్చింది.

అంతే.

"గుండీ ఏదీ?" అంది కాలర్లామె.

ఆరు తలలు మొదట కాజాలత్త కుర్చీ వైపు, తర్వాత ఇస్త్రీబల్ల వైపు తిరిగాయి. నర్సమ్మ ముఖం తెల్లటి చొక్కాలా పాలిపోయింది. ఆమె చేతికింద కాలరు ఒకటి మాడుతున్న వాసన కూడా ఆమెకు తెలియడం లేదు.

కాజాలత్త నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. 'కళ్లారా చూశారు కదా నర్సమ్మగారూ, మీరే చెప్పండి.' ఆ ఒక్క మాటతో ఇస్త్రీబల్ల నోరు జన్మకి మూతపడుతుంది. కానీ గుండీ కూడా చస్తుంది. ఒక పుట్టుమచ్చ చేతిలో!

"కోసేశారు," అంది కాజాలత్త.

"ఏంటత్తా?"

"మళ్లీ వేసేటప్పుడు ప్రకటనలకి చోటు కావాలి కదా. మంచి మంచి ముక్కలన్నీ కోసేస్తారు. మొదటిసారి ఉంది. నర్సమ్మగారు కూడా చూశారుగా."

"ఆఁ... అవును," అంది నర్సమ్మ. "కోసేశారు. దుర్మార్గులు." అప్పుడు చూసుకుంది కాలరు వైపు.

ఆ టీవీవాళ్లను అందరూ తిట్టిన తిట్లు మళ్లీ చెప్పుకోదగ్గవి కావు.

సాయంత్రం సంచులు తగిలించే కొక్కేల దగ్గర ఇద్దరే మిగిలారు.

"నిజం చెప్పండి. ఉందా ఆ సీను?" అని గొణిగింది నర్సమ్మ. "నాకప్పుడు నైట్ డ్యూటీ, ఆ వారమంతా చూడలేదు. మీ పెద్ద మిషనామె కాన్పుకి మా వార్డులో చేరి చెప్పింది. ఎంత బాగుందో! ఆపైన చూశాననే చెప్పుకుంటూ వచ్చాను."

"మరి మెట్ల మీద దొర్లడం? అదీ ఆమే చెప్పిందా?"

నర్సమ్మ కొంచెం సిగ్గుపడింది. "అది నాదే."

కాజాలత్త సంచి భుజానికి తగిలించుకుని, "బాగానే ఉందిలెండి," అని దిగిపోయింది. ఆ ముక్క బయటికి రావడానికి పన్ను పీకినంత నొప్పి పుట్టింది. ఇంటిదాకా మెట్లు కనిపించిన ప్రతిచోటా ఆగి చూసింది.

నెల తిరగకముందే కేంద్రంలో కొత్తామె ఒకతి చేరింది. గుండీ సీను చెప్పమంది. కాజాలత్త కుర్చీలో సర్దుకుని కూర్చుంది, ఎవరి వైపూ చూడకుండా మొదలుపెట్టింది. "తల్లి చేతులు వణికాయి. గుండీ జారింది. మెట్ల మీద టక్, టక్ మంటూ... పదమూడు మెట్లు దిగిందే తల్లీ!"

"పద్నాలుగు," అంది ఇస్త్రీబల్ల.