అందరూ హాజరు

“మీ ఫోనేమో ఉన్నదంటది. మీరేమో లేదంటరు. ఏది నమ్మాలె టీచరమ్మా, ఏది?”

పాల బీరయ్య గొంతు అది. రోడ్డుకు ఇవతల నా సెల్ రిపేర్ దుకాణంలో ఎవరిదో ఫోన్ వెనక డొప్ప ఊడదీస్తున్నవాణ్ణి తలెత్తి చూశాను. బడి గేటు లోపల పదిమంది పోగయ్యారు. మధ్యలో బీరయ్య ఫోన్ పైకెత్తి పట్టుకుని ఊగిపోతున్నాడు.

“బీరయ్యా, కొంచెం నెమ్మదిగా మాట్లాడు,” అన్నాడు హెడ్‌మాస్టర్ కృష్ణప్రసాద్ సార్.

“ఏం నెమ్మది సార్! తొమ్మిదిన్నరకు పచ్చ టిక్కొచ్చింది నాకు. ఇగో, కండ్లు పెట్టి సూడుండ్రి. బిడ్డ బడిల ఉన్నదని నిమ్మళంగ పాలు పోసుకుంట తిరుగుతున్న. ఇప్పుడు మా అమ్మ దగ్గు మందు తాపుదామని వస్తే పిల్ల లేదంటున్నరు. మరి పొద్దుగాలకెల్లి క్లాసుల ఎవరు కూసున్నరు? పచ్చ టిక్కు కూసున్నదా?”

ఆయన తల్లి సత్తెమ్మ గేటు మెట్టు మీద కూలబడింది. మందు సీసా కొంగులో చుట్టి పట్టుకుని “నా పూజిత ఏదయ్యా, నా పూజిత ఏది” అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతోంది.

కామేశ్వరమ్మ టీచర్ గోడకు ఆనుకుని నిలబడింది. “పొద్దున రాలేదు బీరయ్యా. రిజిస్టర్‌లో రాలేదనే రాశాను.”

“గట్లనా? మరి ఫోన్ల ఎట్లొచ్చింది?”

ఆమె గుంపు మీదుగా, రోడ్డు మీదుగా నా వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ పచ్చ టిక్కు ఎలా వచ్చిందో ఆ లొల్లిలో ఉన్నవాళ్ళలో ఆమె ఒక్కదానికే తెలుసు. బయట ఉన్నవాళ్ళలో నాకు తెలుసు. నేర్పింది నేనే.

నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసినవాణ్ణి. ఎందుకని అడక్కండి, మా నాన్న చాలినంత అడిగాడు. తర్వాత మూడు చోట్ల పనికి కుదిరి మూడు చోట్లా నిలవలేదు. ఈ దుకాణంలో నిలిచానంటే ఎదురుగా ఆ బడి ఉండటం వల్లేనేమో. కిషన్‌బాగ్‌లో తెలుగు మీడియం బడి అంటే ఏముంటుంది, మూడు గదులు, ఒక వరండా, మేడ మీదకు మెట్లు. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో. రెంటికీ కామేశ్వరమ్మే టీచర్. ముప్పై ఒక్కమంది పిల్లలు. మూడోవాళ్ళకు ఎక్కాలు చెబుతుంటే నాలుగోవాళ్ళు కొట్టుకుంటారు, నాలుగోవాళ్ళ వైపు తిరిగితే మూడోవాళ్ళు. దగ్గర్లోనే ఉన్న జూ పార్కులో సింహం అరిచిందంటే చాలు, “టీచర్, సింహం ప్రెజెంట్!” అని గదంతా ఒక్కసారి నవ్వుతుంది. ఆమె కూడా నవ్వుతుంది.

యాభై తొమ్మిదేళ్ళు ఆమెకు. ఇంకో రెండేళ్ళ సర్వీసు. వాళ్ళ నాన్న బాపట్ల నుంచి ఇక్కడి ఆఫీసు ఉద్యోగానికి వచ్చాడట. ఆమె పుట్టి పెరిగిందంతా పురానాపూల్ దగ్గరే అయినా మాట మాత్రం వాళ్ళ అమ్మ మాటే. ఆమె ఎవరికీ భయపడటం నేను చూడలేదు. ఆఫీసర్లు వస్తే కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి పాఠం చెప్పుకుంటుంది. క్లాసులో గోడకు బిగించిన పెద్ద టచ్ టీవీకి కూడా భయపడలేదు. దుమ్ము పడకుండా దాని మీద పాత నేత చీర కప్పింది. కరెంటు పోయినా పాఠం ఆగకుండా అదే బొమ్మ పక్కన నల్లబల్ల మీద కూడా వేసి పెడుతుంది.

ఆమె భయమంతా చేతిలో ఫోన్‌కే. హాజరు యాప్‌కి.

రోజూ పొద్దున ముందు తన ముఖం చూపించాలి. రెండుసార్లు కళ్ళార్పాలి. అప్పుడు ఆమె బడిలో ఉన్నట్టు లెక్క. ఆమెకు కంటి ఆపరేషన్ అయి అద్దాలు మారాయి. మొదటి రోజు నా దుకాణానికి పరుగెత్తుకొచ్చింది, చెమటలు కారుతున్నాయి.

“ఫణీ, నా ముఖం నాది కాదంటోంది.”

“అద్దాలు తీసి చూపియ్యుండ్రి టీచర్.”

“తీస్తే ఎక్కడ చూడాలో నాకు కనిపించదు కదా నాయనా.”

ఇంకోరోజు యాప్ తన మ్యాప్‌లో ఆమె బడిలో కాక జూ పార్కులో ఉన్నట్టు చూపించింది. నేను పడీపడీ నవ్వాను. “ఏ బోనులో ఉన్నరు టీచర్?” అన్నాను. ఆమె నవ్వలేదు. “నవ్వకు నాయనా. గైర్హాజరు పడితే మెమో ఇస్తారు. ముప్పై రెండేళ్ళలో నాకు ఒక్క మెమో లేదు,” అంది. ఆ రోజే ఇద్దరం బడంతా తిరిగి చూస్తే, మేడ మెట్ల మీద ఏడో మెట్టు దగ్గర నిలబడితే సిగ్నల్ సరిగా వస్తుందని తేలింది. అప్పటినుంచి ఆమె రోజూ ఏడో మెట్టెక్కి, ఫోన్ ఆకాశానికి చూపించి కళ్ళార్పుతుంది. పిల్లలు కింద నిలబడి తామూ కళ్ళార్పుతారు.

తన ముఖం అయ్యాక పిల్లల హాజరు. ఒక్కో పేరు నొక్కాలి, ఒక్కోదానికీ చక్రం తిరుగుతుంది. తొమ్మిదిన్నర కాగానే యాప్ మూసుకుంటుంది, అప్పటికి పడిన లెక్క తల్లిదండ్రుల ఫోన్లకు పోతుంది. నాలుగు రోజులు వరసగా సగం పేర్లు మిగిలిపోయాయి. వచ్చిన పిల్లలే రానట్టు పడి, తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చారు. అప్పుడు నేను పెద్ద తెలివైనవాణ్ణి కదా, కింద పచ్చటి మీట చూపించాను. దాని మీద ‘అందరూ హాజరు’ అని ఉంటుంది.

“ముందుగాల ఇది కొట్టుండ్రి టీచర్. ముప్పై ఒక్కమంది ఒక్క దెబ్బకు అయిపోతరు. తర్వాత రానోళ్ళను తీసెయ్యుండ్రి. ముగ్గురో నలుగురో ఉంటరు, అంతే.”

“రాని పిల్లని వచ్చిందని ఎలా నొక్కను?”

“రెండు నిమిషాల అబద్ధం టీచర్. ఎవరికేం అయితది?”

ఆమె మర్నాటి నుంచి నొక్కడం మొదలుపెట్టింది. నాతో చెప్పింది కూడా, నొక్కిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుందని, ఆఖరి పేరు తీసేదాకా మెట్టు దిగనని. నేను తేలిగ్గా తీసుకున్నాను.

బీరయ్య గేటు దగ్గర ఊగిపోయిన రోజు పొద్దున నలుగురు రాలేదు. ముగ్గురిని తీసేసింది. నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి యాప్ మళ్ళీ ముఖం చూపించమంది. అద్దాలు తీసింది, పెట్టుకుంది, తల అటూ ఇటూ తిప్పింది. సరిపోలలేదు, సరిపోలలేదు. సరిపోలేసరికి తొమ్మిదిన్నర దాటింది. మూసుకుపోయింది. నాలుగో పేరు పూజిత. బీరయ్యకు చదువు రాదు, కానీ పచ్చ టిక్కు అంటే ఏమిటో తెలుసు. అతనికి ఫోన్ చేసి చెబుదామనుకుందట ఆమె. ఈలోగా పై ఆఫీసు నుంచి, పిల్లలకు పెట్టిన చదవడం పరీక్ష వివరాలు ఇప్పుడే పంపమన్నారు. ఆ పనిలో మరిచిపోయింది. సత్తెమ్మ మందు సీసాతో వచ్చేసరికి పన్నెండు దాటింది.

ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంటి నుంచి తొమ్మిదింటికి బయల్దేరింది. మూడు గంటలు.

బీరయ్య బండి తీసి పురానాపూల్ వైపు పోయాడు. ఎందుకటు అని ఎవరూ అడగలేదు. ఆ వంతెన కింద మూసీలో వారం నుంచి నీళ్ళెక్కువగా ఉన్నాయి. కృష్ణప్రసాద్ సార్ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. కామేశ్వరమ్మ టీచర్ రిజిస్టర్ గుండెకు హత్తుకుని గేటు దాటి నేరుగా నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

“బండి తియ్యి ఫణీ.”

ఆమె వెనక కూర్చోగానే స్కూటీ తీశాను. పిల్ల రోజూ నడిచే గల్లీలోనే మెల్లగా పోయాం. ఒక చోట మ్యాన్‌హోల్ మూత పక్కకు జరిగి ఉంది. ఆమె బండి ఆగకముందే దిగి వంగి చూసింది. లోపల నల్లగా నీళ్ళు కదులుతున్నాయి.

“పూజితా,” అని పిలిచింది. క్లాసులో హాజరు పిలిచినట్టే, అదే గొంతుతో. 

నేను చెవులు మూసుకోవాలనుకున్నాను. ఇరానీ హోటల్ ముందు టీ తాగుతున్న ఒకాయన లేచి వచ్చి “క్యా హువా అమ్మా? బచ్చీ గిరీ క్యా?” అన్నాడు. పిల్ల పడిందా అన్న ఆ మాటకు ఆమె రోడ్డు మీదే కూర్చుంది. రిజిస్టర్ ఒళ్ళో తెరుచుకుంది. ఆమె కళ్ళు దాని మీద ఆగాయి.

“నిన్న నన్నొకటి అడిగింది,” అంది మెల్లగా.

“ఎవరు?”

“పూజిత. ‘టీచర్, వేరేటోళ్ళ ఫోన్ల కెల్లి పంపొచ్చునా’ అని. నేను ఈ దిక్కుమాలిన ఫోన్‌లో తల పెట్టుకుని, ఎవరిదైతేనేం, పంపు అన్నాను.”

అప్పుడు చెప్పింది. పిల్లలు ఇంట్లో పాఠం చదువుతూ వీడియో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలి. పెట్టనివాళ్ళ పేర్లు టీచర్ ఎర్ర అక్షరాల్లో గ్రూపులో వేయాలి. పూజిత ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది బీరయ్యతో పాటు పాల వెంట తిరుగుతుంది. మూడు రోజులుగా ఆ పిల్ల పేరు ఎర్ర జాబితాలో ఉంది. వేసింది ఈవిడే.

రిజిస్టర్ వెనక పేజీల్లో ఆమె తన చేత్తో రాసుకున్న నంబర్లున్నాయి. పూజిత పేరు ఎదురుగా రెండు. రెండోది మేనత్తది, యశోద, బహదూర్‌పురా. నేను కలిపాను. కుట్టు మిషన్ల చప్పుడు మధ్య ఒక ఆడగొంతు.

“పూజితనా? మా ఇంటికా? నేను పొద్దుగాల ఎనిమిదింటికే పనికొచ్చిన కదా అన్నా, ఇంటికి తాళమున్నది... ఏమైంది? పిల్ల అమ్మకు, మా వదినె స్వరూపకు తెలుసా?”

ఇల్లెక్కడో అడిగి ఫోన్ పెట్టేశాను. బహదూర్‌పురా చౌరస్తా మీరు చూసే ఉంటారు. బస్సులు, లారీలు, జూకి వచ్చే జనం. పెద్దవాణ్ణి, నాకే దాటాలంటే దడ. ఆ రోడ్డు ఆ పిల్ల ఒక్కతే దాటిందా అనుకుంటూ నడిపాను. వెనక టీచర్ ఏదో లెక్కపెడుతోంది. చెవి పెట్టి విన్నాను. ముప్పై ఒక్క పేర్లూ వరసగా చెబుతోంది. పూజిత దగ్గరికి రాగానే మళ్ళీ మొదటికి పోతోంది.

జూ గోడ వెనక గల్లీ. పచ్చ గేటు. మెట్లెక్కుతుంటేనే వినపడింది, సన్నటి గొంతు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది. రెండో అంతస్తులో తాళం వేసిన తలుపు ముందు పూజిత కూర్చుని ఉంది. ఒళ్ళో తెలుగు వాచకం. మమ్మల్ని చూసి పుస్తకం మూసేసింది. ముఖం పాలిపోయింది.

“అత్త వచ్చినంక పంపుదామనుకున్న టీచర్. మరిచిపోకుండ సదువుకుంటున్న. ఎర్ర దాంట్ల నా పేరు తీస్తరా?”

టీచర్ పిల్ల మణికట్టు పట్టుకుంది. మళ్ళీ బడి చేరేదాకా వదల్లేదు.

“నొస్తున్నది టీచర్,” అంది పూజిత దారిలో రెండుసార్లు. అయినా వదల్లేదు.

బీరయ్య బిడ్డను చూడగానే కొట్టడానికి చెయ్యెత్తాడు. సత్తెమ్మ అడ్డం పడింది. “ముందు గా మందన్న తాగనియ్యిరా!” ఎత్తిన చెయ్యి అలాగే దించి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత టీచర్ వైపు తిరిగాడు. ఇప్పుడు అరవలేదు.

“నాకు సదువు రాదు టీచరమ్మా. మీ టిక్కే నాకు సదువు. అది సూసి నేను ఫికర్ లేకుండ ఉంట. రేపటికెల్లి ఏం సూడాలె నేను?”



అంతలో పై ఆఫీసు నుంచి ఫోన్. బీరయ్య అప్పటికే ఎవరికో చెప్పాడు, వాళ్ళు ఇంకెవరికో. రాని పిల్లను వచ్చినట్టు ఎందుకు చూపారో నాలుగింటిలోగా రాతపూర్వకంగా పంపాలి. కృష్ణప్రసాద్ సార్ మమ్మల్నిద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“పిల్ల దొరికింది కదమ్మా. యాప్ తప్పు అని రాసేద్దాం. ఫణీ, టీచర్ పూజితకు ఆబ్సెంట్ కొట్టినట్టు ఒక స్క్రీన్‌షాట్ తయారు చెయ్యలేవూ?”

“రెండు నిమిషాల పని సార్,” అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అన్నాక ఆ రెండు నిమిషాలు నాకే వినపడ్డాయి. టీచర్‌కూ వినపడి ఉంటాయి.

ఆమె బల్ల మీంచి తెల్లకాగితం తీసి పెన్ను పట్టుకుంది. ‘అయ్యా’ అని రాసింది. రెండో అక్షరం వంకర పోయి కాగితం చిరిగింది. సస్పెండ్ చేస్తారని ఆమెకు తెలుసు. రిటైరవడానికి రెండేళ్ళ ముందు అలాంటి మచ్చ పడితే ఏమవుతుందో నాకంటే బాగా తెలుసు. కాగితం, పెన్ను రెండూ నా ముందుకు తోసింది.

“నా చెయ్యి నిలవట్లేదు ఫణీ, నువ్వు రాయి. ఆ పచ్చ మీట నేనే నొక్కానని రాయి. రోజూ నొక్కుతానని రాయి. తండ్రికి ఫోన్ చెయ్యడం మరిచిపోయానని రాయి. ఎర్ర పేర్ల సంగతి కూడా రాయి. కింద సంతకం నేను పెడతాను.”

నేను పెన్ను తీసుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. మెట్ల మీద పూజిత చెయ్యి పట్టుకున్నంత గట్టిగా.

“నొక్కమని ఎవరు చెప్పారో అడుగుతారు. నీ పేరు మాత్రం రాయకు నాయనా.”