బస్సులో దుర్గ పలకరించని మనుషులు

కోవూరు నుంచి కారేసుకుని వచ్చిన ఒక పెద్దమనిషిని దుర్గ మాటతో ఓడించి పంపడం నేను కళ్ళారా చూశాను. గూడూరులో మనసు జబ్బులకు వైద్యం చేసే హరినాథ్ డాక్టరు గారి ఆసుపత్రిలో, ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునే పిల్ల దుర్గ. ఆ రోజు నేనక్కడ ఎందుకున్నానని మీరడగొద్దు. అడిగినా చెప్పను.

ఆ పెద్దమనిషి పేరు నరేంద్రబాబు అనుకోండి. ఇందులో పేర్లన్నీ అలా అనుకోవలసినవే. ఊరి పేరు అసలు రాయను, వాకాడు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉందని మాత్రం చెబుతాను. మా బస్సెక్కే వాళ్ళెవరూ పుస్తకాలు చదివే రకం కాదు కాబట్టి రాయడానికి నాకు భయం లేదు.

మడత నలగని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఆ పెళ్ళికూతురు ఈ ఆసుపత్రికి వస్తున్నదని ఎవరో చెవిలో వేశారు. అదేదో తేల్చుకుపోదామని వచ్చాడు.

"ఎక్కువేం అడగడం లేదమ్మా. ఆ పిల్ల పేరు మీ దగ్గర ఉండాదా, లేదా? అంతే."

"చెప్పకూడదు సార్."

"జబ్బేందని అడిగినానా? మందులేందని అడిగినానా? వచ్చిందా రాలేదా, ఒక్క ముక్క."

"ఆ ముక్కే చెప్పకూడదు సార్."

"సరే, రాలేదనుకో. రాలేదని చెప్తే నీ సొమ్మేం పోయె? లేనిదాన్ని లేదంటే తప్పేముండాది?"

దుర్గ చేతిలో పని ఆపి ఆయన మొహంలోకి చూసింది. "లేనోళ్ళకి లేదని చెప్తా పోయి, ఉన్నోళ్ళ దగ్గరికొచ్చినప్పుడు నోరు మూసుకుంటే, ఆ మూసుకోవడమే చెప్పినట్టు గదా సార్. అందుకని మేం ఎవురికీ ఉండాదని చెప్పం, ఎవురికీ లేదని చెప్పం."

"నాకే తెలివి చెప్తుండావా? కోవూరులో నరేంద్రబాబంటే ఎవురో అడిగి చూడు."

"అడగను సార్. రేపు మీ వియ్యంకుడొచ్చి, నరేంద్రబాబు గారు ఈ ఆసుపత్రికొచ్చినారా అని నన్నడిగినా నేను చెప్పను."

"నేనెందుకొస్తాను ఈడికి?"

"అది కూడా చెప్పను సార్."

బెంచీల మీద తలలు వంచుకుని కూర్చున్న వాళ్ళలో ముందు ఒకామె నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆ గదిలో నవ్వు వినపడటం నేనెరగను. ఆయన చుట్టూ చూశాడు. ఎక్కడ నిలబడి ఉన్నాడో అప్పుడు తెలిసొచ్చినట్టుంది. ఫోన్లు రెండూ జేబులో వేసుకుని, మెట్లు దిగి, కారులో కూర్చుని అద్దాలు ఎత్తించుకున్నాడు.

అదీ దుర్గ. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి, వాకాడులో ఇంటరు చదివి, మా ఊరి ముఖేష్‌ని చేసుకుంది. ముఖేష్ చిన్నపోలయ్య పడవలో వేటకు పోతాడు. దుర్గ అత్త పేరమ్మకూ నాకూ మధ్య ఒక తడిక. నేను ఎండుచేపల గంపతో గూడూరు పోయే బస్సులోనే దుర్గ పనికి పోతుంది.

ఆ ఆసుపత్రి పద్ధతులు మన ఇళ్ళల్లో ఉండే పద్ధతులు కావు. కొత్తగా వచ్చిన మనిషిని తోడొచ్చిన వాళ్ళు లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టి ముందు ఒక మాట అడుగుతారు: మీ సంగతి ఎవరికి చెప్పవచ్చు, ఎవరికి చెప్పకూడదు? మొగుడికి చెప్పండి, అత్తకు చెప్పకండి అంటారు కొందరు. తమ్ముడికి తప్ప ఎవరికీ వద్దంటారు కొందరు. వాళ్ళెలా చెబితే అలా. పేరు పెట్టి పిలవరు, నంబరు పిలుస్తారు. మందుల కవరు మీద ఆసుపత్రి పేరు ఉండదు. ఎవరినైనా గుండె చూపించుకోమని నెల్లూరు పంపితే, అక్కడి డాక్టరుకు ఏం తెలియజేస్తున్నారో ముందు ఆ మనిషికే చదివి వినిపించి, సరేనంటేనే పంపుతారు. తడిక కన్నంలో నుంచి పక్కింటి వాళ్ళు చూసే కాపురాలు చేసిన మాలాంటి వాళ్ళకు ఇది వింతే. దుర్గకు మాత్రం అది ఒంటికి పట్టింది.

డాక్టరు గారు ఇంకొకటి కూడా చెప్పి పెట్టారు. "బయట ఎక్కడైనా కనపడితే మీరు ముందు పలకరించకండి దుర్గగారూ. వాళ్ళు పలకరిస్తే పలకండి." గూడూరులో అది మంచి మాటే. అక్కడ ఎవరు ఎవరిని చూశారు గనక. కానీ ఆయన మా బస్సెక్కలేదు. మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఎక్కిన ప్రతి మనిషినీ "యాడికి?" అని అడగాలి, అడగకపోతే ఏదో తగాదా ఉన్నట్టే లెక్క. అటువంటి బస్సులో దుర్గ కొందరిని అడిగేది, కొందరు ఎక్కితే కిటికీలోంచి చూసేది.

ఎవరు మొదట కనిపెట్టారో తెలియదు. కానీ గంపల వాళ్ళు ఊరికే కూర్చోరు గదా. దుర్గ ఎవరిని పలకరించకపోతే వాళ్ళు ఆ డాక్టరు దగ్గరకు పోతున్నట్టేనని ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. అప్పటి నుంచి బస్సులో అందరి కళ్ళూ దుర్గ మొహం మీదే. ఎవరైనా ఎక్కగానే ముందు ఎక్కినవాళ్ళను చూసి, తర్వాత దుర్గను చూసేవాళ్ళు.

దుర్గకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఎవరినీ పలకరించకుండా కూర్చుంది. ఉద్యోగం చేసే దానికి కొమ్ములొచ్చాయన్నారు. పోనీ అని ఒక రోజు ఎక్కిన అందరినీ పలకరించింది. అందులో ఒకామె, "యాడికక్కా?" అని దుర్గ అడగగానే మొహం తెల్లబోయి, తర్వాతి స్టాపులోనే దిగిపోయింది. ఏం చేసినా చెప్పినట్టే అవుతోంది. నోరు తెరిచినా, మూసినా. ఆ రోజు నుంచి బస్సెక్కడమంటే దుర్గకు వలలోకి తనంతట తను పోవడంలా ఉండేది.

అటువంటి రోజుల్లో మాలకొండయ్య ఆ బస్సెక్కాడు. ముఖేష్ ఎక్కే పడవలోనే అతనూ వేటకు పోతాడు, వల లాగేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. అతనెక్కినప్పుడు దుర్గ కిటికీ వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలియదు. ఎండ పడి ఉండవచ్చు, కంట్లో దుమ్ము పడి ఉండవచ్చు. తెలిసినా రాయను. సాయంత్రానికల్లా ఆ చూపు మా ఒడ్డుకు చేరింది.

ఇక్కడ మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎండాకాలం వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే ముందు, మా కులపెద్ద, పెద్దకాపు అంటాం, ఆయన ముందర ఒక్కో పడవ వాళ్ళూ పెళ్ళాలతో సహా కూర్చుంటారు. వల మీద చెయ్యి పెట్టి, ఈ పడవెక్కే మనిషి గురించి తెలిసింది ఏదీ దాచలేదని చెప్పాలి. ఆ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. వెనక ఒకడు మూర్ఛ రోగం దాచి పడవెక్కాడు. నడిసముద్రంలో పడిపోతే, వాణ్ణి లాగబోయి ఇంకో ఇద్దరు పోయారు. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పటి పెద్దకాపు చిన్నపోలయ్యకు అన్న. ఇప్పుడు ముఖేష్, మాలకొండయ్య ఎక్కే పడవ కూడా ఆయనదే.

ఆ రోజు దగ్గరపడేకొద్దీ ఇంట్లో దుర్గకు కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. పేరమ్మ తడికవతల అంటుంటే నాకు ఇవతల వినపడేది. "ఊరందరి గుట్టూ కడుపులో పెట్టుకోని కూర్చోనుండావే. నా కొడుకు పానం ఆ గుట్టు కంటే తక్కువైందా నీకు?"

ముఖేష్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని దుర్గ అనుకుంది. "పరాయోళ్ళ గురించి నేనెప్పుడన్నా అడిగినానా మే? అది నేనెక్కే పడవ. వాడు మంచోడైతే మంచోడని చెప్పు, నీ మాట మీద ఎక్కుతా."

"ఆ మాటే చెప్పకూడదు."

"నాక్కూడానా?"

దుర్గ అన్నం కుండ దించి, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఏం చేస్తున్నదో తనకే తెలియలేదు.

మాలకొండయ్య పెళ్ళాం కామమ్మ కూడా వచ్చింది. ఊరంతా చూస్తుండగా గుమ్మం ముందర నిలబడింది. "లేదని ఒక్క మాట అను తల్లీ. మా మనిషి ఆడికి రాలేదని అను. పడవ మీద చోటు పోతే మేమేం తిని బతకాల?"

ఒక్క మాట. దుర్గ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ ఇల్లు నిలబడుతుంది. కానీ మాలకొండయ్యకు లేదంటే, రేపు ఇంకొకరిని తీసుకొచ్చి నిలబెడతారు. వాళ్ళకూ లేదనాలి. ఎక్కడో ఒక చోట అనలేక ఆగుతుంది, ఆగిన చోట ఒక మనిషి ఊరి నోట్లో పడతారు. తెల్లచొక్కాయన మీద గెలిచిన మాట ఇదే. అప్పుడు నోటికి రుచిగా ఉన్న ఆ మాట ఇప్పుడు చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. పోనీ మాలకొండయ్య నోటితోనే ఏదో ఒకటి తేల్చమందామంటే, అతని గుమ్మం తొక్కితే చాలు, ఊరు ఇంకేం వినక్కర్లేదు.

డాక్టరు గారిని అడిగింది. పేరు చెప్పకుండా అడిగింది.

"ఒక మనిషి వల్ల పడవలో వాళ్ళకి ప్రాణాపాయం ఉందని నాకు తోస్తే, ముందు ఆ మనిషితోనే మాట్లాడతాను" అన్నారాయన. "తప్పదనుకుంటే, చెప్పాల్సిన వాళ్ళకి, చెప్పాల్సినంత వరకు నేనే చెప్తాను. ఆ బరువు మీది కాదు దుర్గగారూ. మీరు చెప్పకండి."

"బరువు నాది కాదంటే, పోయి నా ఇంట్లో కూర్చోనుండేదేంది సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొన్ని రోజులు సెలవు పెట్టండి" అన్నారు.

"సెలవు పెడితే భయపడి దాక్కున్నానంటారు సార్. దాక్కుంటే ఉన్నట్టేనంటారు."

కూర్చునే రోజు వచ్చింది. ఒడ్డున పందిరి కింద వల పరిచారు. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టి పోయారు. మాలకొండయ్య తన వంతు రాకముందే లేచాడు. "నేను గూడూరుకి ఇంజను సామాన్ల కోసరం పోయినా. ఏ డాక్టరు దగ్గరికీ పోలా."

"పోయినోడు పోయినానంటాడంట్రా?" అన్నాడు చిన్నపోలయ్య. "నువ్వు కూర్చో. ఆ పిల్ల చెప్పాల." దుర్గ వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది. "అమ్మే, ఇది పుకారు కోసరం అడిగేది కాదు. మా అన్న శవం కూడా దొరకలేదు నాకు. వల మీద చెయ్యి పెట్టి, నీకు తెలిసింది దాచలేదని చెప్పు. అంతే."

దుర్గ లేచి వల దాకా పోయింది. వంగలేదు.

"చెయ్యి పెట్టను మామా."

"అయితే ఏదో ఉండాదన్నమాట."

"ఉండాదని చెప్పలా, లేదని చెప్పలా. రేపు నీ గురించి అడిగినా ఇంతే చెప్తా మామా."

గూడూరులో నవ్వినట్టు ఇక్కడ ఎవరూ నవ్వలేదు. చిన్నపోలయ్య తీర్పు చెప్పాడు. వల మీద చెయ్యి పెట్టని ఇంటి మనిషి పడవెక్కకూడదు, కాబట్టి ముఖేష్ దిగాలి. అనుమానం తీరని మాలకొండయ్యా దిగాలి. దుర్గ నోరు తెరిచిన రోజు ఇద్దరూ ఎక్కవచ్చు.

పడవ వాళ్ళిద్దరూ లేకుండానే పోయింది. ఇప్పుడు ఇద్దరూ ఉప్పుకాలవలో పీతలు పట్టుకుంటున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. పేరమ్మ కోడలి చేతి అన్నం తింటుంది గానీ కోడలిని పేరు పెట్టి పిలవదు. కామమ్మ వీధిలో ఎదురుపడితే దుర్గే తల దించుకుంటుంది. పడవ పోయిన పొద్దున కూడా దుర్గ పనికి పోయింది. తాళం తీసి, బల్ల తుడిచి, నంబర్లు పిలిచింది.

అక్కడ పిలిస్తే పలకని నంబర్లు ఎక్కువయ్యాయి. మా బస్సులో వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారు. మందులు అయిపోయి ఉంటాయి, ఇళ్ళల్లో ఏమవుతున్నదో ఏమో. ఫోను చేద్దామంటే కొందరు ఇంటికి ఫోను వద్దన్న వాళ్ళు. దుర్గ మొహానికి భయపడి మానేశారు. పని మానేద్దామనుకుందట ఆ పిల్ల. మానేస్తే, ఊరికి భయపడి మానేసింది కాబట్టి ఊరు అనుకున్నదంతా నిజమేనంటారు. అన్ని దారులూ తొక్కి చూసింది, అన్నీ ఆ బస్సు దగ్గరికే వచ్చి ఆగాయి.

మొన్న సాయంత్రం నేను మిగిలిన చేపలు మూట కడుతుంటే తడిక పక్కకు జరిపి వచ్చి కూర్చుంది. చాలా చిక్కిపోయింది. తినమని రెండు కాల్చిన సావిడాయి చేపలు తీసిస్తే చేతిలో పట్టుకుంది గానీ కొరకలేదు.

"అవ్వా, నీ నోటికి ఊళ్ళో అందరూ భయపడతారు గదా."

"పడితే పడనీ. నాకేం నష్టం."

"రేపటి నుంచి బస్సులో నువ్వు నా పక్కనే కూర్చోవాల. కూర్చోని నాతో పోట్లాడాల."

"దేనికి?"

"దేనికైనా. నీ గంప తగిలి నా చీర వాసనొచ్చిందని నేనంటా. నువ్వు అందుకో. మా అత్తని తిట్టు, నా ఉద్యోగాన్ని తిట్టు, నీ ఇష్టం. గూడూరు వచ్చిందాకా ఆపొద్దు. నీ దగ్గర తిట్లు తింటా ఉంటే, ఎవురెక్కినారో నేను చూసేదెప్పుడు? నేను ఎవుర్ని పలకరించినానో ఎవురు చూస్తారు? అందరూ నీ వైపే చూస్తారు."

"రోజూనా?"

"పోను, రాను, రోజూనే" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నిజంగానే తిట్టాల అవ్వా. ఉత్తుత్తికి తిడితే ఈళ్ళు కనుక్కుంటారు."