వెనక నుంచి పిలవొద్దు

నీళ్లంటే నాకు భయం. కొంచెం కాదు, చచ్చేంత. ఇప్పటికీ బస్సు వంతెన ఎక్కిందంటే కళ్లు మూసుకుంటాను. పక్క సీటు వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. వాళ్లేమన్నా మా వంక దాటి బడికి పోయినవాళ్లా?

మా ఊళ్లో బడి లేదు. పిల్లలమంతా ఊరి పక్క వంక, అదే వాగు, దాటి, రేగడి చేల గట్ల మీద నడిచి ఆళ్లగడ్డ బడికి పోవాలి. ఏడాదిలో సగానికి పైగా ఆ వంకలో ఉండేది ఇసుకే. తక్కిన రోజుల్లో పాదాలు మునిగేంత నీళ్లు. కొత్తవాళ్లు చూస్తే ఇదీ ఒక వంకేనా, మేకపిల్ల కూడా దాటుతుంది అంటారు. దాని సంగతి మాకు తెలుసు. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, ఎగువ నల్లమలలో ఎక్కడో వాన పడుతుంది. ఆ నీళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడతాయి.

కర్నూలు రాజధాని అయిందని బడిలో పప్పులూ బెల్లమూ పంచిపెట్టిన ఏడాదే, అలా వచ్చిన నీళ్లలో మా పక్కింటి పెద్దమ్మ కొడుకు పోయాడు. చిన్నవాడు, అప్పుడే రెండో తరగతి. పలక సంచి తగిలించుకుని వంక మధ్యలో ఉన్నాడు. నీళ్లు రావడం పెద్దమ్మ గట్టు మీద నుంచి చూసింది. పేరు పెట్టి కేక వేసింది. వాడు ఆగాడు, వెనక్కి తిరిగాడు, "ఏందిమ్మా?" అన్నాడు. అంతే.

మా వైపు ఒక పట్టింపు ఉంది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పొరపాటున ఎవరైనా పిలిస్తే ఆ మనిషి ఆగిపోవాలి, తిరిగొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయలుదేరాలి. ఇక ఊరు ఊరుకుంటుందా? "తల్లే ఎనక నుంచి పిలిచి బిడ్డను పోగొట్టుకునె" అని చాటుగా అనడం మొదలుపెట్టారు. వాళ్ల నోళ్లు పడిపోను. ఆ మాట పెద్దమ్మ చెవిన పడనే పడింది. ఆనాటి నుంచి ఆమె ఎవర్నీ పేరుపెట్టి పిలవలేదు. కూతుర్ని అన్నానికి పిలవాలన్నా దగ్గరికి వచ్చి భుజం తట్టేది.

ఆ కూతురే నేను అక్కా అని పిలిచే మనిషి. నాకన్నా ఏడాది పెద్దది. లెక్కల్లో నేను దాని కాలి గోటికి చాలను. తమ్ముడు పోయాక దాన్ని బడి మాన్పించారు. బడిలోనే కాపురముండే మా డ్రిల్లు అయ్యవారు వాళ్ల అరుగు మీద కూర్చుని పొద్దంతా బతిమాలితే, చివరికి పెద్దమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మాట అంది.

"సరే, పంపిస్తా అయ్యవారూ. ఒక్కతూరి, ఒకే ఒక్కతూరి ఆ వంక నా బిడ్డను బెదిరిచ్చిందంటే బడి బందు. మల్లా మీరు నా గడప తొక్కొద్దు."

గోడ అవతల నుంచి మా అమ్మ వింది. "ఆయమ్మ బిడ్డ మానిన దినం నువ్వూ మానాల్సిందే మే. నీకేమన్నా రెండు ప్రాణాలుండాయా?" అంది నాతో. దాంతో నాకు ఒక భయం కాస్తా రెండయింది. పొద్దున వంక దాటేటప్పుడు వంక భయం. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరితే, రేపు కూడా ఇలాగే చేరతామో లేదో, చేరకపోతే బడి ఏమవుతుందో అన్న భయం.

ఆ రోజుల్లోనే నంద్యాలలో బడిపిల్లల లీడర్లకు ప్రమాదాల గురించి తర్ఫీదు ఇస్తున్నారని డ్రిల్లు అయ్యవారికి తెలిసింది. వంక దాటే గుంపులో పెద్దపిల్లలం అక్కా నేనే కాబట్టి మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని పోయారు. రైలు చూడటం నాకదే మొదలు. అది కూత పెట్టిందని అయ్యవారి పంచె పట్టుకుని ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. అక్కడ కట్లు కట్టడం, ఒంటికి నిప్పంటుకున్న మనిషికి కంబళి చుట్టడం, ముడులు వేయడం నేర్పారు. నేర్పే పెద్దాయన కోస్తా నుంచి వచ్చారు. నేను లేచి, "వంకొస్తే ఏం జేయల్ల సార్?" అని అడిగాను. ఆయన కళ్లెర్రజేసి, "వంకలు చెప్పకు, కూర్చో" అన్నారు. వాళ్ల వైపు వంకంటే సాకు మరి. అక్క నవ్వాపుకోలేక ఓణీ నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

వచ్చేటప్పుడు ఇద్దరికీ చెరొక విజిలు ఇచ్చారు. మా అమ్మ దాన్ని చూసి, "ఆడపిల్ల ఈలేస్తే ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?" అని నెత్తిన ఒకటి ఇచ్చింది.

వంక ఎండి ఉన్నప్పుడు అయ్యవారు ఇసుకలో మాకు డ్రిల్లు పెట్టారు. పిల్లలు వరసగా నడవాలి. చివర అక్క. అక్క విజిలు వేయగానే అందరూ ముందుకు ఉరకాలి. నంద్యాల తర్ఫీదు ప్రకారం అన్నమాట. అక్క విజిలు వేసింది. ఒక్కడంటే ఒక్కడు ఉరకలేదు. అందరూ ఆగి వెనక్కి తిరిగారు. మా తమ్ముడైతే గట్టుదాకా తిరిగొచ్చి చతికిలబడ్డాడు.

"ఏందిరా, కూచ్చున్నావ్?" అన్నారు అయ్యవారు.

"ఎనక నుంచి పిలిస్తిరి గదా సార్. నీళ్లు తాగి పోవల్లంట. మా అవ్వ చెప్పింది."

అందరూ పకపకా నవ్వారు. అక్క నవ్వలేదు. అయ్యవారు కూడా నవ్వలేదు. ఆయన ఇసుకలో కూర్చుండిపోయారు. పెద్దమ్మ కొడుకు ఎందుకు ఆగాడో ఆయనకప్పుడు అర్థమైంది. నాకూ అర్థమైంది. వాడు బుద్ధిమంతుడు కాబట్టి ఆగాడు, ఇంట్లో నేర్పినట్టే చేశాడు.

ఆ సాయంత్రమే అయ్యవారు ఊరి పెద్దలందర్నీ గట్టు మీదికి పిలిపించారు. "ఇంగ మీద వంకకాడ ఎనక నుంచి ఎవురూ పిలవాకండి. తల్లయినా, తండ్రయినా, నేనైనా. విజిలూ వద్దు ఏమీ వద్దు. పిలిచేది ముందర నుంచే" అన్నారు. రైతులు పాత కపిలి మోకులు తెచ్చి ఇచ్చారు, ఎద్దులతో బావినీళ్లు తోడే లావు తాళ్లు. వాటిని కలిపి ఈ గట్టు తుమ్మచెట్టు నుంచి ఆ గట్టు తుమ్మచెట్టుకు కట్టారు. పొద్దున బడివైపు గట్టు మీద అయ్యవారే నిలబడతారు. సాయంత్రం రోజుకొక ఇంటి నుంచి ఒక మనిషి, పిల్లలు వచ్చే వేళకు ఊరివైపు గట్టు మీద ఎదురుగా నిలబడాలి. ఇంటికి వచ్చేటప్పుడు నేను అందరికన్నా ముందు దాటాలి, గట్టెక్కి వెనక్కి తిరిగి, ఒక్కొక్కర్నీ రా రా అని పిలవాలి. అక్క చివర. ఎగువకు చూస్తూ ఉండాలి. నీళ్లు కనబడితే నోరు తెరవకూడదు, మోకును గట్టిగా ఊపాలి. చేతిలో మోకు ఊగితే నేను రా అని కేక వేయాలి, పిల్లలు ఎక్కడా చూడకుండా ముందున్న మొహం వైపు ఉరకాలి. అరచేతులు పొక్కేదాకా చేయించారు. పెద్దమ్మ ఒక్కనాడూ వంక దగ్గరికి రాలేదు. ఆమె ఇంటి వంతు ఎవరూ అడగలేదు.

ఒక రోజు బడి వదిలేసరికి మంచి ఎండ. వంకలో చీలమండల లోతు నీళ్లు, తేటగా ఉన్నాయి. గట్టు మీద ఆనాటి వంతుకు వచ్చిన దూదేకుల తాత నిలబడి బీడీ తాగుతున్నాడు. నేను దాటి గట్టెక్కి, ఒక చెయ్యి మోకు మీద పెట్టి పిలవసాగాను. మా తమ్ముడు వంక మధ్యలో ఉన్నాడు. వాడి వెనక ఇంకా చిన్నవాళ్లు ఉన్నారు.

నా చేతి కింద మోకు ఎగిరింది.

ఆ గట్టున, నీళ్లలోకి ఇంకా దిగని అక్క రెండు చేతులతో మోకును పట్టి ఊపేస్తోంది. దాని పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎగువకు చూశాను. ముందు బురద వాసన కొట్టింది. తర్వాత వంపు దగ్గర నురగ, దాని మీద విరిగిన కొమ్మలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రా అనాలి. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. తమ్ముడు నా మొహం వైపే చూస్తున్నాడు, నేను ఆ మాట అంటే ఉరకాలని.

"రాండి నాయినా! రాండి, రాండి!" దూదేకుల తాత బీడీ పారేసి కేక పెట్టాడు. అప్పుడు వచ్చింది నా గొంతు. ఏం అరిచానో నాకు తెలియదు, రా అని ఒక్కటే అరిచానంటారు. ఏ పిల్లా వెనక్కి తిరగలేదు. నీళ్ల హోరు చెవుల్లో పడుతున్నా తిరగలేదు. తమ్ముడు ఒకసారి బోర్లా పడి, మోకు వదలకుండా లేచి వచ్చాడు. తాత ఒక్కొక్కర్నీ చొక్కా పట్టుకుని పైకి లాగుతున్నాడు. ఆఖరి పిల్లను లాగేటప్పటికి ఆ పిల్ల కాళ్లకింద నీళ్లు ఎర్రగా తిరుగుతున్నాయి. మోకు తెగి కొట్టుకుపోయింది. తలెత్తి చూస్తే ఆ గట్టున అక్క లేదు.

ఊరంతా వచ్చింది. ఎవరి పిల్లల్ని వాళ్లు గుండెకు అదుముకున్నారు. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. జనాన్ని తోసుకుంటూ పెద్దమ్మ వచ్చింది. పిల్లల మొహాలు వరసగా చూసుకుంటూ పోయింది, నా మొహం దగ్గర ఆగింది. నేను చెయ్యెత్తి ఆ గట్టు చూపించాను. ఆమె పోయి నీళ్ల అంచున నిలబడింది.

అంత భయం నా జన్మలో మళ్లీ ఎరగను. అక్క గట్టుమీదే ఆగిందా, మోకు ఊపుతూ ఊపుతూ నీళ్లలో పడిందా? పెద్దమ్మ ఒక్కసారి ఇటు తిరిగి నన్నడిగితే ఏం చెప్పాలి? మా అమ్మ నన్ను కొంగులోకి లాక్కుంది. పొద్దు వాలింది. హోరు కొంచెం తగ్గింది, మాట వినబడేంత.

అప్పుడు ఆ గట్టు తుమ్మచెట్ల సందున అక్క కనబడింది. పావడా అంతా బురద. మోకు తెగినప్పుడు కొట్టుకుందేమో, నుదుటి మీద నెత్తురు. ఎగువకు ఎక్కడో పోయి, దాటే చోటు వెతుక్కుని, దొరక్క తిరిగొచ్చింది. ఇటు చూసింది. ఎదురుగా తల్లి ఉంది. ముందు మొహం కనబడితే రావాలి, డ్రిల్లులో రోజూ నేర్పింది అదే. అక్క గట్టు దిగింది. ఒక కాలు నీళ్లలో పెట్టింది. నీళ్లు ఇంకా నడుముల లోతు ఉన్నాయి, ఎర్రగా ఉరుకుతూనే ఉన్నాయి.

పెద్దమ్మ అక్కను పేరు పెట్టి పిలిచింది. ఎన్నాళ్లకో వచ్చిన పిలుపు, చీలిపోయి వచ్చింది.

"రావాకు! ఆడే ఉండు! నీళ్లలోకి దిగాకు మే!"

అక్క ఆగింది. ఎక్కడికి పోవాలో తెలియనట్టు రెండు చేతులూ చాచి నిలబడింది.

"బడికి పో!" అని అరిచింది పెద్దమ్మ. "అయ్యవారు ఉంటాడు, బడికి పో! బడికి పో మే!"

మేమంతా అందుకున్నాం. తాత, మా అమ్మ, నేను, తమ్ముడు, చిన్నపిల్లలు, అందరం గొంతులు చించుకుని బడికి పో, బడికి పో అని అరిచాం. అక్క కాలు వెనక్కి తీసుకుంది. గట్టెక్కి ఆళ్లగడ్డ వైపు నడిచింది. మా గొంతులు ఆగిపోయాక కూడా, రేగడి చేలల్లో దాని పావడా కనబడినంతసేపు పెద్దమ్మ ఒక్కతే అరుస్తూ ఉంది, బడికి పో అని.